వీధిలో నడిచేవారిని చూసి జబ్బును గుర్తించిన వైద్యుడు

నగర్తపేట చేతిపని మీద నిలబడ్డ పేట. బంగారం, వెండి పని చేసేవారు, దర్జీలు, కొట్లలో చీరలు విప్పి మడతపెట్టేవారు, లెక్కలు రాసే గుమాస్తాలు, అందరికీ చెయ్యే పెట్టుబడి. అలాంటి ఇంట్లో తాతగారి చెయ్యి ఊరకే కూర్చున్నప్పుడు వణకడం మొదలైతే మొదట ఎవరూ పట్టించుకోరు. వయసు మీద పడింది అనుకుంటారు. ఆ తర్వాత సంతకం చిన్నదవుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. నడకలో ఒక చెయ్యి ఊగడం మానేస్తుంది. నలుగురిలోకి వెళితే చూస్తారేమోనని ఆయన గుడికి, పెళ్లికి వెళ్లడం తగ్గిస్తారు. డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి.

ఈ జబ్బును మన పెద్దలు వణుకుడు జబ్బు అన్నారు. ఆయుర్వేదం కంపవాతం అంది. ఇవాళ ప్రపంచమంతా పార్కిన్సన్స్ అంటోంది. దీనికి మెదడులో సన్నని తీగలు అమర్చి, విద్యుత్తుతో వణుకును అణచే ఆపరేషన్ మన బెంగళూరులోనే జరుగుతోంది. దాని గురించి విని కొందరు ఇది జబ్బును పూర్తిగా నయం చేసేస్తుందని ఆశపడుతున్నారు. కొందరు మెదడుకు ఆపరేషన్ అనగానే హడలిపోతున్నారు. ఈ రెంటి మధ్య నిజం ఎక్కడుందో తెలియాలంటే ఆ జబ్బుకు పేరిచ్చిన మనిషి దగ్గర మొదలుపెట్టడం మంచిదని మాకు తోచింది. బడిలో పిల్లలకు చెప్పడానికి కూడా ఆయన జీవితం చాలా పనికొస్తుంది.

ఒకే వీధిలో ఒక జీవితం

జేమ్స్ పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్ పొలిమేరలోని హాక్స్‌టన్‌లో పుట్టారు. తండ్రి జాన్ పార్కిన్సన్ అక్కడే మందులిచ్చి, చిన్న చిన్న శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు. హాక్స్‌టన్ స్క్వేర్‌లో ఒకటో నంబరు ఇల్లే వారి ఆసుపత్రి, కాపురం కూడా. పార్కిన్సన్ బాప్టిజం, పెళ్లి, సమాధి అన్నీ ఆ దగ్గరలోని సెయింట్ లియోనార్డ్స్ చర్చిలోనే. బతుకంతా దాదాపు ఆ నాలుగు వీధుల్లోనే గడిచింది. ఆయన చిన్నతనంలో తోటలు, పూల మొక్కల పెంపకం ఉన్న ఊరు అది. ఆయన పెద్దయ్యేసరికి లండన్ నగరం దాన్ని మింగేసింది. పనికోసం వచ్చిన బీదలతో ఇరుకు సందులుగా మారిపోయింది.

ఆయన పని నేర్చుకున్నది తండ్రి దగ్గరే. 1776లో లండన్ ఆసుపత్రిలో ఆరు నెలలు కట్లు కట్టే పని నేర్చారు. 1784లో శస్త్రవైద్యుడిగా అర్హత పొందారు. అంతకు ముందే, 1777లో, తండ్రితో కలిసి ఆయన ఉరివేసుకున్న ఒక మనిషి ప్రాణం నిలబెట్టారు. చనిపోయాడనుకున్నవారిని బతికించే పద్ధతులను అప్పట్లో కొత్తగా ప్రచారం చేస్తున్న రాయల్ హ్యూమేన్ సొసైటీ అందుకు ఆయనకు వెండి పతకం ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు.

ఉపాధ్యాయులు గమనించదగిన సంగతి ఇంకొకటి. 1785లో ఆయన ఆనాటి గొప్ప శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఉపన్యాసాలు వినడానికి వెళ్లారు. అప్పటికే వైద్యం చేస్తున్నారు, పెళ్లయింది, ఇల్లు నడపాలి. అయినా విద్యార్థుల మధ్య కూర్చుని విన్నారు. ఆయనకు షార్ట్‌హ్యాండ్ వచ్చు. హంటర్ చెప్పినది చెప్పినట్టు రాసుకున్నారు. ఆ నోట్సును ఆయన కొడుకు 1833లో పుస్తకంగా అచ్చువేశారు. వైద్యవిద్యార్థులు షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవాలని ఆయన తర్వాత తన పుస్తకంలో సలహా ఇచ్చారు. చూసినదాన్ని, విన్నదాన్ని వెంటనే సరిగ్గా కాగితం మీద పెట్టడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అబ్బిన అలవాటు. ఆ అలవాటే చివరకు ఆయన పేరు నిలబెట్టింది.

బీదల పక్షాన కలం

ఆ రోజుల్లో ఇంగ్లాండులో సామాన్యుడికి ఓటు లేదు. పక్కన ఫ్రాన్సులో విప్లవం. పార్కిన్సన్ మారుపేరుతో చిన్న చిన్న పుస్తకాలు రాశారు. బీదవారి మీద పన్నుల భారం, వారికి లేని ఓటు, అర్థం లేని యుద్ధాలు, ఇవీ ఆయన రాతల్లో విషయాలు. సామాన్యులకు ఓటు కావాలని పోరాడిన లండన్ కరెస్పాండింగ్ సొసైటీలో ఆయన సభ్యుడు.

1794లో ఆ సంఘం వారు కొందరు మూడవ జార్జి రాజును నాటకశాలలో విషపు బాణంతో చంపడానికి కుట్ర పన్నారని ప్రభుత్వం నేరం మోపింది. ప్రధానమంత్రి పిట్ కూర్చున్న ప్రివీ కౌన్సిల్ పార్కిన్సన్‌ను పిలిచి ప్రశ్నించింది. తన మాటలను తన మీదకే తిప్పరని తేలేదాకా ఆయన సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోలేదు. మారుపేరుతో రాసింది తానేనని మాత్రం దాచలేదు. ఆయన మీద కేసు నడవలేదు. మిగిలినవారి మీద పెట్టిన కేసు కూడా చివరకు నిలబడలేదు. ఆ తర్వాత ఆయన రాజకీయ రాతలు తగ్గించి, వైద్యం మీదకు మళ్లారు.

అయితే బీదవారిని మాత్రం వదల్లేదు. 1799, 1800 సంవత్సరాల్లో ఇంటిల్లిపాదికీ అర్థమయ్యే భాషలో వైద్య పుస్తకాలు రాశారు. లాటిన్ మాటలతో బెదరగొట్టకుండా, పల్లెటూరి మనిషికి తెలిసిన మాటల్లో, ఏ జబ్బుకు ఇంట్లో ఏం చెయ్యవచ్చు, ఏ లక్షణం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి అని చెప్పారు. పిల్లలు ఆటల్లో ఎలా దెబ్బలు తగిలించుకుంటారో, ఎలా తప్పించుకోవచ్చో కథగా చెప్పి ఒక పుస్తకం చేశారు. తన చర్చి తరఫున నడిచే ఆదివారం బడికి పని చేశారు. వారమంతా పనిచేసే బీద పిల్లలకు చదవడం నేర్పిన బడులు అవే. పేటలోని బీదలకు వైద్యం చేసే బాధ్యత కూడా మోశారు. ఇంటి భాషలో చెబితేనే ఆరోగ్యపు మాట ఇంట్లోకి వెళుతుందన్నది ఆయన రాతల్లో అడుగడుగునా కనిపిస్తుంది. భాషా అల్పసంఖ్యాకుల బడుల్లో పనిచేసే మనకు ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

రాళ్లలో చదివిన చదువు

బతికి ఉండగా పార్కిన్సన్‌కు పేరు తెచ్చింది వణుకుడు జబ్బు కాదు, శిలాజాలు. రాళ్లలో అచ్చుపడి మిగిలిన పూర్వకాలపు ప్రాణుల అవశేషాలను ఆయన పోగుచేశారు. వాటి గురించి 1804 నుంచి 1811 దాకా మూడు సంపుటాలు రాశారు. 1807 నవంబరులో లండన్‌లో భూగర్భశాస్త్ర సంఘం పెట్టిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఒక జాతి అమ్మొనైట్ శిలాజానికి ఆయన పేరే పెట్టారు. శస్త్రవైద్యుల రాయల్ కాలేజీ 1823లో ఆయనకు తన మొదటి బంగారు పతకం ఇచ్చింది, అదీ శిలాజాల పనికే.

శిలాజం చదివేవాడి ఎదుట ప్రాణి ఉండదు. ఒక గవ్వ ముక్క, ఒక ఆకు గుర్తు, ఒక పన్ను ఉంటాయి. వాటిని వేరువేరుగా చూస్తే రాళ్లే. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ప్రాణి కనిపిస్తుంది. పార్కిన్సన్ మనుషులను కూడా అలాగే చూశారని మాకనిపిస్తుంది.

ఆరుగురు మనుషులు

1817లో, అరవై రెండేళ్ల వయసులో, వణుకుడు పక్షవాతం మీద ఆయన 66 పేజీల చిన్న పుస్తకం వేశారు. అందులో ఉన్నది ఆరుగురి సంగతి మాత్రమే. మొదటివాడు యాభై దాటిన తోటమాలి. రెండో మనిషి, మూడో మనిషి ఆయనకు వీధిలో కనిపించినవారు. ఒకరు కచేరీలో పనిచేసిన అరవై రెండేళ్లవారు. ఇంకొకరు నావికుడు, స్పెయిన్ జైలులో తడి నేల మీద పడుకోవడం వల్లే ఈ జబ్బు వచ్చిందని నమ్మినవారు. పార్కిన్సన్ వారిని ఆపి, మాట్లాడి, వివరాలు తెలుసుకున్నారు. మరొకరిని దూరం నుంచి చూశారంతే. ఆయన నడవాలంటే ముందు ఒక మనిషి ఉండి, పరుగులోకి జారి ముందుకు పడిపోకుండా కాచుకోవాలి.

ఈ ఆరుగురినీ అంతకు ముందు వేరే వైద్యులూ, ఇరుగుపొరుగువారూ చూసే ఉంటారు. ఒకరిది వయసు, ఒకరిది తాగుడు, ఒకరిది చలి దెబ్బ అని సరిపెట్టుకుని ఉంటారు. పార్కిన్సన్ వారిని పక్కపక్కన పెట్టారు. వణుకు ఒకవైపు చేతితో మొదలై నెమ్మదిగా పాకుతోంది. చెయ్యి పనిలో ఉన్నప్పుడు కాక ఊరకే ఉన్నప్పుడే ఎక్కువ. నడుము ముందుకు వంగుతోంది. నడక పరుగుగా మారుతోంది. రాత చెడుతోంది, తిండి నోటిదాకా తీసుకెళ్లడం కష్టమవుతోంది. ఇవన్నీ ఒకే జబ్బు అని ఆయన తేల్చారు. ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది కాబట్టే ఎవరూ దీన్ని మొదట్లో పట్టుకోలేకపోతున్నారని కూడా గ్రహించారు.

ఆరో మనిషి సంగతి ఈ కథకు ముఖ్యం. ఆయనకు 72 ఏళ్లు, చేతులు కాళ్లు విపరీతంగా వణికేవి. ఒక రాత్రి నిద్రలేచేసరికి కుడివైపు పడిపోయింది. పక్షవాతం. అంత కష్టంలో ఒక వింత జరిగింది. పడిపోయిన కాలు, చెయ్యి వణకడం మానేశాయి. సుమారు రెండు వారాలకు బలం తిరిగి వచ్చింది. దానితోపాటు వణుకూ తిరిగి వచ్చింది. పార్కిన్సన్ దీన్ని జాగ్రత్తగా రాసిపెట్టారు. తలలో ఎక్కడో ఒక దారి ఉంది, అది తెగితే వణుకు ఆగుతుంది అన్న సూచన అందులో ఉంది. దాన్ని అందుకోవడానికి వైద్యానికి ఇంకా నూరేళ్లు పైగా పట్టింది.

తెలియనిది వదిలివెళ్లిన తీరు

జబ్బు మూలం ఎక్కడుందన్న విషయంలో పార్కిన్సన్ అంచనా తప్పింది. మెడ దగ్గరి వెన్నుపాములో ఉండవచ్చని అనుకున్నారు. మెడ దగ్గర రక్తం తీయడం లాంటి ఆనాటి వైద్యమే సూచించారు. అయితే ఆ జబ్బుతో చనిపోయినవారి దేహాన్ని కోసి చూసే అవకాశం తనకు రాలేదని, తనది ఊహ మాత్రమేనని పుస్తకంలోనే చెప్పారు. శరీర నిర్మాణం బాగా తెలిసినవారు దీన్ని పట్టుకుని మూలం కనిపెట్టాలని, అప్పుడు ఉపశమనం దొరకవచ్చని ఆశపడ్డారు. తాను చూసింది ఏదో, ఊహించింది ఏదో విడివిడిగా రాశారు. అందుకే ఊహ తప్పినా చూపు నిలిచింది.

1824 డిసెంబరు 21న ఆయన పక్షవాతంతోనే కన్నుమూశారు. చివర్లో మాట పడిపోయింది. ఆయన బొమ్మ ఒక్కటి కూడా మిగల్లేదు. ఇంటర్నెట్‌లో ఆయనదంటూ తిరిగే గడ్డం మనిషి ఫోటోలు వేరేవారివి. ఆయన బతికి ఉన్నప్పటికి మనుషుల ఫోటోలు తీసే విద్యే లేదు. పిల్లల ప్రాజెక్టు పనుల్లో ఆ ఫోటో అతికిస్తే ఉపాధ్యాయులు సరిదిద్దాలి.

ఆయన పోయాక సుమారు యాభై ఏళ్లకు, 1870ల దశకంలో, పారిస్‌లో షార్కో అనే గొప్ప నరాల వైద్యుడు ఆ పుస్తకాన్ని మెచ్చుకుని జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టారు. కండరాలు బిగుసుకుపోవడం, పనులు నెమ్మదించడం కూడా ఈ జబ్బు లక్షణాలేనని చేర్చారు. రోగులందరికీ వణుకు ఉండదని, అందుకే వణుకుడు పక్షవాతం అన్న పేరు సరిపోదని చెప్పారు.

మెదడులో నల్లని చుక్క

మూలం 1919లో తేలింది. పారిస్‌లో ట్రెటియాకోఫ్ అనే వైద్యుడు ఈ రోగుల మెదడు అడుగున నల్లగా ఉండే ఒక చిన్న భాగంలో కణాలు నశించాయని చూపించారు. ఆ కణాలు చేసే రసాయనం డోపమైన్ అని, కదలికకు అది కావాలని 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్‌సన్ ద్వారా తెలిసింది. మన సర్పగంధి నుంచి తీసే రిసర్పిన్ ఇచ్చి కుందేళ్లను కదలకుండా చేసి, లీవోడోపా ఎక్కించి మళ్లీ లేపారు ఆయన. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ రోగుల మెదడులో డోపమైన్ బాగా తగ్గి ఉందని కనుగొన్నారు. 1967లో అమెరికాలో కోట్జియాస్ లీవోడోపాను నోటి ద్వారా పెంచుతూ ఇచ్చి ఫలితం చూపించారు. ఇవాళ్టికీ ఈ జబ్బుకు ప్రధానమైన మందు అదే. మన పొలాల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో ఆ లీవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి తేల్చారు. అలాగని ఆ గింజలు ఇంట్లో పొడి చేసుకుని తినడం మంచిది కాదు. ఎంత మోతాదు పడుతోందో తెలియదు, వేరే మందులతో కలిస్తే చిక్కు.

డోపమైన్ చేసే పని పిల్లలకు చెప్పాలంటే మన పేట కరగ ఉంది. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే పూల కరగను తల మీద మోసేవారు దాన్ని చేత్తో పట్టుకోరు. ఇరుకు సందుల్లో అడుగు, నడుము, మెడ, చేతులు ఒకదానికొకటి సర్దుకుంటేనే కరగ నిలుస్తుంది. మనం మామూలుగా నడిచినా ఇదే జరుగుతుంది, మనకు తెలియదంతే. మెదడు అడుగున ఉండే కొన్ని చిన్న కేంద్రాలు ఏ కండరం కదలాలి, ఏది ఆగాలి అన్నది సర్దుతుంటాయి. డోపమైన్ తగ్గితే వాటి లయ చెడుతుంది. ఆపాల్సిన సంకేతాలు ఎక్కువవుతాయి. అప్పుడు చెయ్యి వణుకుతుంది, కాలు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతుంది.

ఆరో మనిషి చూపిన దారి

శస్త్రవైద్యులు ఆ లయను సరిచేయడానికి మరో వైపు నుంచి వెళ్లారు. 1947లో అమెరికాలో స్పీగెల్, వైసిస్ తలకు చట్రం బిగించి, కొలతలతో మెదడు లోపల అనుకున్న చోటికి సూదిని చేర్చే పద్ధతిని మనుషులకు వాడారు. 1952లో న్యూయార్క్‌లో కూపర్ అనే శస్త్రవైద్యుడు ఒక పార్కిన్సన్స్ రోగికి ఆపరేషన్ చేస్తుండగా ఒక రక్తనాళం చిరిగింది. దాన్ని కట్టేసి, అనుకున్న ఆపరేషన్ ఆపేశారు. రోగి లేచేసరికి వణుకు, బిగుసు తగ్గాయి, కాలూ చెయ్యీ పడిపోలేదు. 1817లో పార్కిన్సన్ రాసిన ఆరో మనిషి సంగతి ఇక్కడ మళ్లీ ఎదురైనట్టే. ఆ తర్వాత చాలాచోట్ల మెదడులోని చిన్న చోటును కావాలనే దెబ్బతీసే ఆపరేషన్లు మొదలయ్యాయి.

బెంగళూరు ఇందులో వెనకబడలేదు. హోసూరు రోడ్డులోని ఇప్పటి నిమ్హాన్స్‌కు పూర్వరూపమైన సంస్థలో 1958లో మెదడు శస్త్రచికిత్స విభాగం మొదలుపెట్టిన డాక్టర్ ఆర్.ఎం. వర్మ, పుర్రె తెరవకుండా, పుర్రె అడుగున సహజంగా ఉండే రంధ్రం గుండా సూది పంపి ఈ రోగులకు చికిత్స చేశారు. చెన్నైలో డాక్టర్ టి.ఎస్. కనక, మన దేశంలో తొలి మహిళా న్యూరోసర్జన్లలో ఒకరు, 1975లోనే మెదడులో తీగలు అమర్చి ఉంచే పని చేశారు.

ఇవాళ్టి పద్ధతికి దారి తీసింది 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్. అక్కడ శస్త్రవైద్యుడు బెనబిడ్, నరాల వైద్యుడు పొలాక్ కలిసి పనిచేశారు. అప్పటిదాకా చోటును దెబ్బతీసే ముందు అది సరైనదో కాదో చూసుకోవడానికి సన్నని విద్యుత్తు పంపేవారు. సెకనుకు వందసార్లకు పైగా పంపితే వణుకు ఆగడం బెనబిడ్ గమనించారు. అయితే చోటును కాల్చడం ఎందుకు, తీగను అక్కడే ఉంచి విద్యుత్తు పంపుతూ ఉంటే చాలు కదా అని ఆలోచించారు. కాల్చిన చోటు తిరిగి రాదు. విద్యుత్తును తగ్గించవచ్చు, పెంచవచ్చు, ఆపేయవచ్చు. దీన్నే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా డీబీఎస్ అంటారు. అమెరికాలో 1997లో వణుకుకు, 2002లో పార్కిన్సన్స్‌కు దీన్ని అనుమతించారు.

ఆపరేషన్‌లో ఏం జరుగుతుంది

ముందు స్కానింగులతో చోటు గుర్తిస్తారు. తలకు చట్రం బిగించి, పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి, సన్నని తీగలను మెదడు అడుగున ఉన్న చోటికి చేరుస్తారు. మెదడు కణాలకు నొప్పి తెలియదు. అందుకే చాలాసార్లు రోగిని మెలకువగానే ఉంచి, చెయ్యి ఎత్తమని, వేళ్లు ఆడించమని, మాట్లాడమని చూస్తారు. ఆ తర్వాత ఛాతీ పైభాగంలో చర్మం కింద గుండె పేస్‌మేకర్ లాంటి చిన్న పెట్టె పెట్టి, చర్మం కిందుగానే తీగతో కలుపుతారు. కొన్ని వారాల తర్వాత బయట నుంచి విద్యుత్తు మోతాదు సరిచేస్తారు. అది ఒక్క రోజుతో అయ్యే పని కాదు, నెలల తరబడి మార్చుకుంటూ పోవాలి. పెట్టెలోని బ్యాటరీ కొన్నేళ్లకు మార్చాలి, లేదా చార్జి చేసుకునే రకం ఉండాలి.

ఇది ఎవరికి పనికొస్తుందో తెలిస్తే ఆశా, భయమూ రెండూ తగ్గుతాయి. లీవోడోపాకు బాగా స్పందించి, ఏళ్లు గడిచాక మందు ప్రభావం గంటగంటకు మారిపోతూ, మందు ఎక్కువైతే ఒళ్లు తనంతట తాను మెలికలు తిరుగుతూ బాధపడేవారికి ఇది బాగా సాయపడుతుంది. మందుకు లొంగని వణుకుకూ, డిస్టోనియా అనే కండరాల మెలికకూ కూడా వాడతారు. మందు తగ్గించుకునే వీలు కలుగుతుంది. కానీ ఇది జబ్బును నయం చెయ్యదు, ముదరకుండా ఆపదు. మతిమరుపు, పడిపోయే బలహీనత, మాట తడబాటు మీద దీని ప్రభావం అంతగా ఉండదు, కొందరిలో మాట ఇంకా తగ్గవచ్చు. తీవ్రమైన మతిమరుపు ఉన్నవారికి చెయ్యరు. తక్కువ మందిలోనే అయినా మెదడులో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ జరిగే ముప్పు ఉంది. ఖర్చు లక్షల్లో ఉంటుంది, అందులో ఎక్కువ భాగం పరికరానిదే. నిమ్హాన్స్‌లోనూ, హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ చికిత్స ఏళ్లుగా ఉంది. కదలికల జబ్బులు ప్రత్యేకంగా చూసే న్యూరాలజిస్టు, శస్త్రవైద్యుడు, మానసిక నిపుణుడు కలిసి పరీక్షించి చెప్పాకే నిర్ణయం తీసుకోవాలి.

ఇంట్లో, బడిలో

ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే. మిగిలినవారందరికీ మేలు చేసేది జబ్బును త్వరగా గుర్తించడం. ఇక్కడే పార్కిన్సన్ పద్ధతి మనకు పనికొస్తుంది. ఊరకే ఉన్న చెయ్యి వణకడం, నడకలో ఒక చెయ్యి ఊగకపోవడం, రాత చిన్నదవడం, గొంతు తగ్గడం, ముఖంలో భావం తగ్గడం, కాఫీ వాసన తెలియకపోవడం, నిద్రలో అరవడం, చేతులు విసరడం, ఇవి విడివిడిగా చూస్తే వయసు. రెండు మూడు కలిసి కనిపిస్తే న్యూరాలజిస్టుకు చూపించాల్సిన గుర్తులు. ప్రతి వణుకూ పార్కిన్సన్స్ కాదు. థైరాయిడ్, కొన్ని మందులు, పుట్టుకతో వంశంలో వచ్చే వణుకు కూడా ఉంటాయి. అందుకే ఇంట్లో పేరు పెట్టేయకుండా చూపించాలి. మొదలుపెట్టిన మందును ఒక్కసారిగా ఆపడం ప్రమాదం.

పిల్లలకు ఒక మాట చెప్పాలి. తాతగారు నెమ్మదిగా తింటే, గ్లాసు ఒలికిస్తే, ముఖం కోపంగా కనిపిస్తే అది ఆయన స్వభావం కాదు, జబ్బు. తలుపు దగ్గర కాలు ఆగిపోతే తొందర పెట్టకూడదు. నేల మీద గీత ఉన్నట్టు దాటమంటే, లేదా లెక్కపెడుతూ అడుగు వేయమంటే చాలామందికి కాలు కదులుతుంది. ఈ పని పిల్లలు చక్కగా చెయ్యగలరు. రోజూ నడక, వ్యాయామం, వేళకు మందు, ఇవి ఏ ఆపరేషన్‌కూ తక్కువ కావు.

ఏటా ఏప్రిల్ 11న, పార్కిన్సన్ పుట్టినరోజున, ప్రపంచ పార్కిన్సన్స్ దినం జరుపుతారు. దాని గుర్తు ఎర్ర ట్యూలిప్ పువ్వు. ఈ జబ్బు ఉన్న ఒక డచ్ తోటమాలి కొత్త ట్యూలిప్ రకం పెంచి దానికి పార్కిన్సన్ పేరు పెట్టడంతో ఆ గుర్తు వచ్చింది. పార్కిన్సన్ పుస్తకంలోని మొదటి రోగి కూడా తోటమాలే. పరీక్షలు అయిపోయే ఆ రోజుల్లో మన బడుల్లో ఒక పీరియడ్ దీనికి ఇవ్వవచ్చు. పిల్లలను తమ ఇంట్లో, తమ సందులో పెద్దవారి నడకను, చేతులను మర్యాదగా గమనించి, చూసినది చూసినట్టు రాసుకురమ్మనవచ్చు. ఆ కాగితాల్లో ఒక్కటి ఒక్క తాతగారిని రెండేళ్లు ముందుగా డాక్టరు దగ్గరకు చేర్చినా ఆ పీరియడ్ వృథా పోదు.